తొలి గుక్క

సముద్రానికి సెంటు కొడుతున్నారు.

నూకరత్నం పడవ దిగి, చెప్పులు చేతపట్టుకుని, మోకాటి లోతు నీళ్ళలో ఒడ్డుకు నడుస్తూ ఆ సంబరం చూసింది. ఇద్దరు నావికులు వీపులకు డబ్బాలు తగిలించుకుని, మిరపతోటకు పురుగుమందు కొట్టినట్టు నీటి అంచు వెంట మల్లెపూల సెంటు పిచికారీ చేసుకుంటూ పోతున్నారు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు పాపం. కొత్త గోడకీ దీవికీ మధ్య చిక్కుకుపోయిన ఆ నీళ్ళు నాలుగు నెలలుగా కుళ్ళుతున్నాయి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. దానిమీద మల్లెలు చల్లితే ఎలా ఉంటుందో రాసి చెప్పడం కష్టం. శవం పక్కన అగరొత్తులు వెలిగించిన ఇంట్లో కూర్చున్నవాళ్ళకు కొంత తెలుస్తుంది.

పది గంటలకు ఆరు దేశాల అడ్మిరల్స్ దిగుతారు. వాళ్ళ ముక్కులు నొచ్చుకోకూడదు. అదీ సంగతి.

అది ఇంకెవరి కంపో అయితే నూకరత్నం కొంగు అడ్డం పెట్టుకుని ఊరుకునేది. అది ఆమె పెంచిన పాచి కంపు.

ఆ దీవి పేరు తూరా. నీలోఫు అనే చిన్న దేశంలో మిగిలినవాటిలో ఒకటి. మిగిలినవి అనడం ఎందుకంటే, అప్పటికే పదకొండు దీవులు మునిగిపోయాయి. తూరాలో ఆరువందల పదకొండు మంది జనం, బోలెడు కొబ్బరిచెట్లు, ఒకే ఒక్క మంచినీళ్ళ బావి. సముద్రం పెరుగుతోంది, చిన్న దేశాలు కొట్టుకుపోతున్నాయి అని చుట్టుపక్కల పెద్ద దేశాలు ఆరింటికి ఒకే ఏడాది జాలి పుట్టుకొచ్చింది. ఆరు నౌకాదళాలూ కలిసి సాగరకవచం అనే కూటమి కట్టాయి. వాతావరణ రక్షణ, పర్యావరణ భద్రత దాని పని. ఇదివరకు దేశాలు ఒకదానిమీద ఒకటి యుద్ధం ప్రకటించుకునేవి, ఇప్పుడు ఆరూ కలిసి ఎండమీద ప్రకటించాయి. జెండా, బ్యాండు, టోపీ మీద కొత్త బిళ్ళ, ఏ లోటూ లేదు. లేనిదల్లా ఆయుధం. అది నూకరత్నం దగ్గర దొరికింది.

డాక్టర్ మైలపిల్లి నూకరత్నం విశాఖపట్నం జాలరిపేట మనిషి. తల్లి పోలమ్మ ముప్ఫై ఏళ్ళు నెత్తిన గంప పెట్టుకుని వీధివీధీ తిరిగి చేపలమ్మి, కూతురిచేత సముద్రజీవుల చదువు చదివించింది. ఇప్పుడు ఆ కూతురికి నలభై ఏడేళ్ళు. ఒడ్డునే ఉన్న ప్రయోగశాలలో పెద్ద ఉద్యోగం, ఒక క్వార్టరు, ఆ క్వార్టరులో ఆకువక్క నములుతూ తల్లి. పన్నెండేళ్ళు కష్టపడి నూకరత్నం తయారుచేసింది గట్టుపాచి. చూడ్డానికి రాళ్ళమీద కాలు జారే మామూలు నాచే. నీళ్ళలో ఇనప వల పరిచి, అందులోకి చీమ కుట్టినంత కరెంటు పంపితే, ఆ వల పట్టుకుని పాకుతుంది. నీళ్ళలో కరిగి ఉన్న సున్నాన్ని తాగి, రాయి చేసి, తన చుట్టూ కట్టుకుంటుంది. నెలకు జానెడు ఎత్తు. కరెంటు ఆపితే మూడు రోజుల్లో చస్తుంది, కట్టిన రాయి మాత్రం ఉంటుంది. ఆ ఆపే ఏర్పాటు ఉండాలని, మీట దీవివాళ్ళ చేతిలో ఉండాలని ఒప్పందంలో పట్టుబట్టి రాయించింది ఆమే. ఈ వ్యవహారం మొత్తంలో తాను చేసిన తెలివైన పని అదొక్కటేనని తరవాత అనుకునేది.

కూటమి తరఫున మాట్లాడ్డానికి వచ్చినవాడు కెప్టెన్ శశిధర్. మనవాడే, కాకినాడ. నవ్వు మొహం, ఇస్త్రీ నలగని బట్టలు, పావుగంటకోసారి చేతులకు శానిటైజరు. ప్రయోగశాల తొట్టిలో పాచి కట్టిన గోడను సుత్తితో కొట్టించి చూశాడు. సుత్తి పిడి విరిగింది కాని గోడ బీటైనా ఇవ్వలేదు. మీరు దేశాల్నే నిలబెడతారు మేడమ్ అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఏడేళ్ళప్పుడు ఒక తుఫానులో వాళ్ళ ఇంటినీ తెప్పనీ కెరటం ఎత్తుకుపోతుంటే, అడ్డంగా ఒక గోడ ఉంటే ఎంత బాగుండు అని ఏడ్చిన పిల్ల ఆమె.

ఆ తొట్టి గురించి ఒక మాట చెప్పాలి. దాని అడుగున పరిచింది విశాఖ కొండరాయి. దగ్గర్లో దొరికేది అదే, లారీల్లో తెచ్చి పోశారు. పన్నెండేళ్ళలో వేరే రాయి వేసి చూద్దామని ఒక్కరికీ తట్టలేదు. కొండ పక్కన సముద్రం పెట్టుకుని బతికేవాళ్ళకు ప్రపంచంలో ప్రతి సముద్రం కిందా కొండరాయే ఉంటుందనిపిస్తుంది.

తూరాకి ఆమె మొదటిసారి వెళ్ళింది పద్నాలుగు నెలల కిందట, వల పరవబోయే ముందు. బావి పెద్ద హలీమత్ అనే డెబ్భై ఏళ్ళ ముసలమ్మ. బావి పెద్ద అంటే అక్కడ ఊరి పెద్దే. ఆమె మాట అయ్యాకే పంచాయతీ సంతకం చేస్తుంది. ఆ వారమే పూడిక తీసి మూసిన బావిని ఆ రోజు తెరిచారు. హలీమత్ కొబ్బరిచిప్పలో నీళ్ళు ముంచి నూకరత్నం చేతికిచ్చింది. నూకరత్నం చెవిలో పెట్టుకున్న దుబాసీ యంత్రం ఆ భాషని ఎప్పటికప్పుడు తెలుగు చేస్తుంది, కాకపోతే పంతులుగారి తెలుగు.

"మూసిన బావిని తెరిచిన దినమున తొలి గుక్క అతిథిది," అంది దుబాసీ. "అతిథి తీపి అని పలికిన పిమ్మటనే ఊరు ముట్టును. అనుదినము త్రాగు నాలుకకు తేడా తెలియదు. కొత్త నాలుక అబద్ధమాడదు."

ఆ నీళ్ళు నిజంగానే కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. నూకరత్నం వాళ్ళ భాషలోనే తీపి అంది. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. అప్పుడు పంచాయతీ సంతకం పెట్టింది.

రెండోసారి వెళ్ళేసరికి ఏడు నెలలు గడిచాయి. గోడ నడుమెత్తు లేచింది. బావికి ఇనపమూత, తాళం, దానిమీద కూటమి ముద్ర. గోడ పని దుమ్ము పడకుండా మూశాం, పనయ్యాక ఇచ్చేస్తాం అన్నారట. మనిషికి రోజుకు రెండు సీసాల నీళ్ళు, నీలం మూతలవి, ఓడ మీద వస్తున్నాయి. హలీమత్‌కి ఇది నచ్చలేదు. అతిథి వచ్చింది గనక మూత తీయాల్సిందే, లోపల నీళ్ళు ఎలా ఉన్నాయో కొత్త నాలుక చెప్పాల్సిందే అని కూర్చుంది. శశిధర్ నవ్వుతూ సరేనన్నాడు. ఒక్క చిప్ప నీళ్ళకే మూత తీశారు.

నూకరత్నం తాగింది. నాలుక చివర చిన్నగా తగిలింది. ఉప్పే. ఎక్కువ కాదు, పప్పులో పొరపాటున రెండు రాళ్ళు ఎక్కువపడితే ఉండేంత.

చుట్టూ నలభై మంది చూస్తున్నారు. ముసలమ్మ చిప్ప ఇచ్చిన చెయ్యి ఇంకా చాపే ఉంచింది. ఒకరి ఇంట్లో పెట్టింది తిని బాగాలేదనకూడదు, పెట్టిన చెయ్యి చిన్నబుచ్చుకుంటుంది అని పోలమ్మ చిన్నప్పుడు వీపుమీద రెండు వేసి మరీ నేర్పింది. అంత చదువుకున్న మనిషికి, నీళ్ళు పరీక్ష చేయడం తన ఉద్యోగమైన మనిషికి, ఆ క్షణాన మర్యాదే గుర్తొచ్చింది. తీపి అంది. హలీమత్ మొహం విప్పారింది. శశిధర్ అప్పటికప్పుడు ఫైల్లో రాయించాడు, ప్రధాన శాస్త్రవేత్త స్వయంగా రుచి చూసి బావి నీటి స్వచ్ఛతను ధ్రువీకరించారు అని. మళ్ళీ తాళం పడింది. ఆ ఏడాది వానలు తక్కువ కదా, అందుకే అయి ఉంటుంది అని పడవలో తనకు తాను చెప్పుకుంది.

అసలు సంగతి బయటపెట్టింది ప్రయోగశాల కాదు, పోలమ్మ.

క్వార్టరులో వంటింటి కిటికీలో చిన్న సీసా ఒకటి ఉండేది. అందులో పాచి, ఒక తీగ, పక్కన పెన్సిలు బ్యాటరీ. నూకరత్నం ముచ్చటపడి పెంచుకునేది. పోలమ్మ దాంతో కబుర్లు చెప్పేది. ఉత్త నీళ్ళల్లో ఉండి ఇదేటి తింటాదో అని జాలిపడి, కూతురికి చెప్పకుండా ఒక ఆల్చిప్ప అందులో పడేసింది. పదిరోజుల తరవాత ఒక పొద్దున్న నూకరత్నం దోసెలు పోస్తుంటే తల్లి పక్కకొచ్చి అరచెయ్యి చాపింది. ఆల్చిప్ప వేలితో తాకితే అప్పడంలా విరిగింది.

"ఒలే నూకా, నీ పాచి దీన్ని తినేసిందే."

దోసె మాడిపోయింది. పొయ్యి కట్టెయ్యడం పోలమ్మే చేసింది.

తొట్టిలో పాచికి సున్నం నీళ్ళలో కలిపి ఇస్తూ వచ్చారు, కింద ఉన్నది కొండరాయి. కాబట్టి దానికి నీళ్ళలోది తాగడం తప్ప గతి లేదు. తూరా కొండరాయి మీద లేదు. తూరా మొత్తం పగడపు దీవి, అంటే నిలువెల్లా సున్నం. గోడను నెలకు జానెడు లేపడానికి నీళ్ళలో సున్నం చాలనప్పుడు పాచి ఏం చేస్తుంది? కిందికి వేళ్ళు దింపి దీవినే తాగుతుంది. నూకరత్నం ఆ దీవి నుంచి తెచ్చుకుని కాగితాలమీద బరువుకు పెట్టుకున్న పగడపురాయిని తీసుకెళ్ళి తొట్టిలో వేసింది. పదకొండు రోజులకు అది జల్లెడ. వానకు కురిసిన నీళ్ళు ఆ పగడపు నేలలో నిలబడి బావిలో ఊరుతాయి. నేలే జల్లెడైతే సముద్రం అటునుంచి నడుచుకుంటూ వస్తుంది. పైన గోడ కడుతూ కింద నుంచి దీవిని తవ్వేస్తున్నారు. అది తన చేత్తో, తన పాచితో, తన జీతానికి జరుగుతోంది.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని తల్లికి అంతా చెప్పింది. రెండోసారి నీళ్ళు ఉప్పగా ఉన్నా తీపి అన్నానని కూడా చెప్పింది. పోలమ్మ నమలడం ఆపింది.

"పెట్టినోల్ల సెయ్యి తప్పు పట్టకూడదని నువ్వే కదే నేర్పావు," అంది నూకరత్నం.

"కూడు బాగోలేదనకూడదన్నాను. ఇసముంటే ఇసమని సెప్పొద్దన్నానేటే?" అంది పోలమ్మ. "ముప్పయ్యేళ్ళు అమ్మినాను. కొనీవోడు మొప్ప ఎత్తి సూడకపోతే నానే ఎత్తి సూపించీదాన్ని. కుళ్ళితే కుళ్ళిందనీదాన్ని. మరియాదకని కుళ్ళు సేప సేతిలో ఎడితే ఊరికూరు కక్కుకుంటాది గదా. ఈమాటెల్లి సెప్పు."

వెళ్ళి చెప్పింది, శశిధర్‌కి. అతను ఆఫీసులో ఉడకబెట్టిన కోడిగుడ్డు పెంకు వలుచుకుంటున్నాడు. ఆమె చెబుతున్నంతసేపూ ఓపిగ్గా చిన్న చిన్న ముక్కలు తీసి కాగితంమీద పేర్చాడు. గోడ పని వెంటనే ఆపాలి, దీవివాళ్ళకు చెప్పాలి అని ఆమె ముగించాక, గుడ్డుమీద మిరియాలపొడి చల్లుకున్నాడు.

"తెలుసు మేడమ్," అన్నాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. అతను బీరువాలోంచి ఒక ఫైలు తీసి ముందుకు తోశాడు. పైన రెండో దశ అని ఉంది. తూరా ప్రజల తాత్కాలిక తరలింపు. ఏ శిబిరానికి ఎంతమంది, ఒక్కో శిబిరానికి ఎన్ని మరుగుదొడ్లు, ముసలివాళ్ళకు ఎన్ని చక్రాల కుర్చీలు, అన్నీ ఉన్నాయి. ఫైలుమీద తేదీ చూసింది. తొలి వల పరవడానికి ఏడాదిన్నర ముందుది. గోడ వెనక లోతు నీళ్ళు ఆరు నౌకాదళాల ఓడలకు మంచి రేవు. దానికి కావలసింది గోడ, నీళ్ళు. దీవితోనూ దానిమీద మనుషులతోనూ పనిలేదు. పగడాన్ని పాచి తింటుందని వాళ్ళ నిపుణులు ఎప్పుడో కనిపెట్టారు.

"మేం ఎవర్నీ పొమ్మనం మేడమ్. అది చాలా తప్పు. మంచినీళ్ళు లేకపోతే వాళ్ళే అడుగుతారు తీసుకుపొండి అని. మానవతా దృక్పథంతో తీసుకుపోతాం. మీ రిపోర్టు మాకు బాగా పనికొస్తుంది. బావి ఎన్నాళ్ళకు చెడుతుందో సరిగ్గా తెలిసింది." గుడ్డు నోట్లో పెట్టుకుని, చేతులకు శానిటైజరు రాసుకున్నాడు.

నూకరత్నం మరుగుదొడ్డికి పరుగెత్తి కక్కుకుంది. తల్లి చెప్పిన మొప్ప ఎత్తడం అంటే ఏమిటో ఆ పూట తెలిసింది. ఆనాటి నుంచి ఆమె కోడిగుడ్డు ముట్టలేదు. అంతకన్నా ఎక్కువ అసహ్యం తనమీదే వేసింది. బావి నీళ్ళ ఫైల్లో అందరి సంతకాలకన్నా పైన ఉన్నది తన తీపి మాట.

రిపోర్టుమీద రహస్యం అని ముద్ర పడింది. తూరా పంచాయతీకి ఆమె రాసిన ఉత్తరాలు వెళ్ళలేదు, ఆ దీవికి పోయే ఫోనూ నెట్టూ కూటమి స్తంభం మీదుగానే పోతాయి. ఇంతలో రెండో ఒప్పందం రోజు వచ్చింది. గోడని దీవి చుట్టూ తిప్పడానికి, రేవును తొంభై తొమ్మిదేళ్ళు కూటమికి ఇవ్వడానికి సంతకం. హలీమత్ ఒక షరతు పెట్టిందట. బావి తెరవాలి, పోయినసారి తీపి అన్న ఆ అతిథే వచ్చి తొలి గుక్క తాగాలి. శశిధర్ క్వార్టరుకొచ్చి, పోలమ్మ ఇచ్చిన కాఫీ తాగి, మర్యాదగా చెప్పాడు. ఒక్క మాటే మేడమ్, ఇదివరకు అన్నదే. కాదంటే రహస్య చట్టం, ఉద్యోగం, ఈ క్వార్టరు, ఈ వయసులో మీ అమ్మగారు, అని ఒక్కో మాటకూ ఒక్కో వేలు ముడిచాడు. ఆమె వస్తానంది. దీవి దాకా వెళ్ళడానికి అన్న మాటో, భయంతో అన్న మాటో ఆమెకే తెలియదు. బయల్దేరే ముందు పోలమ్మ సంచిలో చింతపండు ఉండ పెట్టింది, పడవలో కడుపు తిప్పితే చప్పరించమని.

ఇదీ ఆమె సెంటు వాసన మధ్య ఒడ్డుకు నడిచి వచ్చిన కథ.

బావి దగ్గర షామియానా వేశారు. ఊరంతా వచ్చి ఇసుకలో కూర్చుంది. ఆరుగురు అడ్మిరల్స్ తెల్లగుర్రాల్లా వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. ఒకాయన జేబురుమాలు ముక్కుమీంచి తీయడంలేదు. బ్యాండు వాయించారు. ఇద్దరు ఉపన్యాసాలిచ్చారు, ఇద్దరూ పసిపిల్లల భవిష్యత్తు గురించి మాట్లాడారు. నూకరత్నానికి రెండో వరసలో కుర్చీ. బావి మూత తీసే ఉంది. పక్కన గట్టుమీద ముందే నింపిన ఇత్తడి బిందె, దాని మూతికి కట్టిన తెల్లగుడ్డ. భద్రత కోసం తెల్లవారుజామునే తమ వాళ్ళ ఎదుట తోడించామని శశిధర్ చెప్పాడు. హలీమత్ మొహం ముడుచుకుంది కాని, బిందె తన బావి పక్కనే ఉంది గదా అని ఊరుకున్నట్టుంది.

పిలుపు వచ్చింది. నూకరత్నం లేచి బావి దగ్గరికి నడిచింది. హలీమత్ గుడ్డ విప్పి, చిప్పతో బిందెలో ముంచి, రెండు చేతులతో అందించింది.

ఈ గుక్కకోసం నూకరత్నం రాత్రంతా మనసులో కసరత్తు చేసింది. ఉప్పగా ఉంటుంది, ఆ ఉప్పు నోట్లో ఉండగా ఏ మాట బయటికొస్తుందో చూద్దాం అనుకుంది. గుక్క నోట్లో పోసుకుంది.

ఉప్పు లేదు.

చప్పటి నీళ్ళు. ఏ రుచీ లేని, కొంచెం ప్లాస్టిక్ వాసన కొట్టే నీళ్ళు. పొద్దున్న పడవలో ఇచ్చిన సీసాలోవి ఇలాగే ఉన్నాయి. కిందికి చూసింది. బావిగట్టు పక్కన ఇసుకలో సగం కూరుకుపోయి నీలం మూత ఒకటి, ఇంకొంచెం అవతల రెండు.

ఆమె తలెత్తి శశిధర్ వైపు చూసింది. అతను నవ్వుతూ కళ్ళతోనే అన్నాడు, మీకు అబద్ధమాడే బాధ కూడా తప్పించాం కదా మేడమ్. నోట్లో ఉన్నది నిజంగానే ఉప్పు కాదు. తీపి అనేస్తే నూరుపాళ్ళూ నిజమే చెప్పినట్టు. ఇంతకాలం ఆమెకు వాళ్ళంటే భయం ఎక్కువో రోత ఎక్కువో తెలియలేదు. ఆ చప్పటి నీళ్ళు నోట్లో ఉండగా భయం పోయింది. మిగిలింది రోతే.

ఆరు దేశాల జెండాల ముందు, కెమెరాల ముందు, ఆరువందల మంది ముందు, డాక్టర్ మైలపిల్లి నూకరత్నం ఆ నీళ్ళు తుపుక్కున ఉమ్మేసింది.

ఇచ్చిన నీళ్ళు ఉమ్మడం అక్కడ చెప్పుతో కొట్టినదానికన్నా హీనం. హలీమత్ ఒక అడుగు వెనక్కి వేసింది. శశిధర్ లేచాడు కాని, అడ్మిరల్స్ ముందు ఆడమనిషి చెయ్యి పట్టుకుని లాగే ధైర్యం చేయలేక నిలబడిపోయాడు. ఈలోపు నూకరత్నం బావి గిలక మీద చేద పట్టుకుని జారవిడిచింది. జాలరిపేట చెయ్యి, తాడు లాగడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. చేద పైకొచ్చింది. అదే చిప్పతో ముంచి గొంతులోకి పోసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత ఉప్పు. గుక్క మింగింది, ఈసారి ఉమ్మలేదు. చెవిలోని దుబాసీని తీసి ఇసుకలో పడేసింది. వాళ్ళ భాషలో ఆమెకొచ్చిన నాలుగు మాటల్లో ఒకటి, ఊరంతటికీ వినబడేలా అంది.

ఉప్పు.

హలీమత్ వచ్చి చిప్ప లాక్కుని, అతిథి తాగింది గనక ఇక తనూ తాగవచ్చు గనక, తాగింది. చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. తరవాత చిప్ప పంచాయతీవాళ్ళకిచ్చింది. ఒకరి తరవాత ఒకరు తాగారు, ఆడవాళ్ళు వచ్చి తాగారు. గోడ రాకముందు తీపి, వచ్చాక ఉప్పు. హలీమత్ గోడ వైపు చూపించి ఏదో చెప్పింది, రెండే మాటలు. పదిమంది ఆడవాళ్ళు లేచి కొబ్బరిచెట్ల వెనక ఉన్న కరెంటు కొట్టు వైపు నడిచారు. సూర్యరశ్మి పలకల నుంచి గోడలోని వలకు కరెంటు పోయేది అక్కడినుంచే. ఒప్పందం ప్రకారం మీట దీవివాళ్ళది. కాపలా నావికుడు ఆఫీసర్ల వైపు చూశాడు, ఆఫీసర్లు కెమెరాల వైపు చూశారు. కొట్టులోంచి వచ్చే రొద ఆగిపోయింది. పద్నాలుగు నెలలుగా వినీ వినీ ఎవరికీ వినబడని ఆ రొద ఆగాక గాని అది ఉందని తెలియలేదు.

సంతకం జరగలేదు. అడ్మిరల్స్ భోజనానికి ఓడమీదికి వెళ్ళిపోయారు. రొయ్యలు చల్లారిపోతాయట. శశిధర్ వెళ్తూ వెళ్తూ ఆమె పక్కన ఆగి, మొహంమీద నవ్వు చెరక్కుండానే, జాబితాలో మీ పేరు కొట్టేశాం మేడమ్, తిరుగుపడవ మీకు లేదు, కేసు విశాఖలో మొదలవుతుంది అన్నాడు. చేతులకు శానిటైజరు రాసుకుని పోయాడు.

షామియానా కింద నూకరత్నం ఒక్కతే మిగిలింది. హలీమత్ దగ్గరికొచ్చి కూర్చుంది. దుబాసీని ఇసుకలోంచి ఏరి, దులిపి, ఆమె చెవిలో పెట్టింది.

"పోయినసారి కూడ ఉప్పేనా?" అంది.

"ఉప్పే. కొంచెం."

"మరి ఏల తీపి అంటివి?"

ఎన్ని సంజాయిషీలు లేవు. వానలు తక్కువ, తెలిసింది తరవాత, మీకు రాస్తే ఉత్తరాలు అందలేదు. నూకరత్నం అవేవీ చెప్పలేదు.

"మర్యాదకి," అంది.

హలీమత్ ఆమెనే చూసింది. ఆ చూపు నూకరత్నానికి తెలుసు, కెప్టెన్ గుడ్డు తింటుంటే తను చూసిన చూపే. ముసలమ్మ లేచి, ఇద్దరూ తాగిన ఆ కొబ్బరిచిప్పను బావిగట్టుకేసి కొట్టింది. అది మూడు ముక్కలైంది. ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నూకరత్నం షామియానాలోనే పడుకుంది. ఎవరూ పలకరించలేదు, ఎవరూ పొమ్మనలేదు. కూటమివాళ్ళు వదిలేసిపోయిన నీళ్ళసీసాల పెట్టెలు పక్కనే ఉన్నా ముట్టబుద్ధి కాలేదు. తల్లి ఇచ్చిన చింతపండు చప్పరించింది. పాచి మూడు రోజుల్లో చస్తుంది. బావి నీళ్ళు మళ్ళీ తీపెక్కాలంటే ఎన్ని వానలు కురవాలో, అసలు తీపెక్కుతాయో లేదో, ఆమె చదివిన చదువులో ఎక్కడా లేదు.

తెల్లవారింది. గాలి తిరిగి, సెంటు వాసన పోయి, ఉత్త కంపు మిగిలింది. నూకరత్నం లేచి బావి దగ్గరికెళ్ళి చేద వేసింది. చిప్ప లేదు గనక దోసిట్లో పోసుకుని తాగింది. ఊళ్ళో గుమ్మాల్లో జనం నిలబడి చూస్తున్నారు.

"ఉప్పు," అంది వాళ్ళ భాషలో.

ఆమె చేద బోర్లించి, తాడు చుట్టి, తిరిగి వెళ్ళబోతుంటే వెనక ఒక గుమ్మంలోంచి హలీమత్ గొంతు వినిపించింది. ఆ గొంతులో కోపం తగ్గలేదు. దుబాసీ తన పంతులుగారి తెలుగులో దాన్ని మార్చి చెప్పింది.

"రేపును వచ్చి త్రాగుము. ఎట్లున్నదో అట్లే పలుకుము."